వెలవని రిబ్బను

కాలువ తవ్వకం మొదలైన రోజున రాజుగారు పనిలోకి దిగే ప్రతివాళ్ల రొమ్మునా ఎర్ర రిబ్బను పువ్వు గుచ్చించారు. నీళ్లు వదిలేదాకా తియ్యొద్దన్నారు. దివాను తిమ్మరుసయ్య కూడా ఒకటి పెట్టించుకున్నాడు.

తీరా నీళ్లు వదిలే వేళకి ఊరందరి పువ్వులూ వెలిసిపోయి, ఒంటిమీది బట్టలు ఎర్రబారాయి. దివాను మండిపడ్డాడు.

"ప్రభూ! ఈ అద్దకాల నాంచారి నాసిరకం రంగు వేసి ఊరి పరువు తీసింది. దీన్ని ఊళ్లోంచి తరిమెయ్యండి. చూడండి, నా ఒక్కడిదే బాగుంది!"

నాంచారి చేతులు కట్టుకుంది. "అన్నీ ఒకే తొట్టిలో ముంచాను దొరా. ఈ రంగు చెమట పడితే దిగుతుంది. తమరిది దిగకపోతే నేనేం చెయ్యను?"

రాజుగారు పకపకా నవ్వి దివాను చేతికి పార అందించారు.

"ఆ పువ్వు తియ్యకండి. రేపు పిల్లకాలువ మొదలు."