సరే తప్ప మరో మాట రాని రాజు

వినండర్రా పిల్లలూ, ఊ కొడుతూ వినండి. మీ తాతల తాతలు కూడా పుట్టకముందు సింగారపురి అని ఒక రాజ్యం ఉండేది. దానికో రాజు ఉండేవాడు. పేరు మణిసేనుడు. యుద్ధంలో ఆయన్ని గెలిచినవాడు లేడు. సభలో ఆయనకి ఎదురు చెప్పినవాడు లేడు. అంతటి రాజుకీ ఇంట్లో ఒక్కడి ముందు మాత్రం నోరు పెగిలేది కాదు. ఆ ఒక్కడు ఆయన కొడుకు రతనాలరాజు. ఏడేళ్ళ వాడు.

రాణి పోతూ పోతూ, "వాణ్ణి ఏడిపించకండి" అని ఒక్క మాట అని కన్నుమూసింది. రాజు ఆ మాట పట్టుకున్నాడు. పిల్లవాడు పొద్దున్నే అన్నం మానేసి అరిసెలు కావాలంటే "సరే" అన్నాడు. పట్టపుటేనుగు తోక పట్టుకుని ఊగుతానంటే "సరే" అన్నాడు. నిండు సభలో మంత్రిగారి గడ్డం పట్టుకు లాగుతానంటే, మంత్రి వంక చూసి, ఇబ్బందిగా నవ్వి, దానికీ "సరే" అన్నాడు.

పిల్లవాడు బడికి వెళ్ళాడు. బడిలో వేదగిరి పంతులుగారు చదువు చెప్పేవారు. ఒకనాడు రతనాలరాజు పక్కవాడి పలక లాక్కుని రాతికేసి కొట్టాడు. పలక మూడు ముక్కలైంది. పక్కవాడు గొల్లుమన్నాడు.

పంతులుగారు కోప్పడలేదు, బెత్తం తియ్యలేదు. "బాబూ, వాడి దగ్గరికెళ్ళి తప్పయిందని చెప్పు. చెప్పేదాకా నీకు ఆట లేదు" అన్నారు.

లేదు! ఆ మాట రతనాలరాజు పుట్టాక వినడం అదే మొదలు. ఏడుస్తూ కోటకి పరిగెత్తాడు. రాజు మండిపడి పంతులుగారిని సభకి పిలిపించాడు.

"నా బిడ్డకి లేదని చెప్పడానికి నువ్వెవరివయ్యా?"

"వాడి గురువుని మహారాజా. ప్రేమ ఉన్నవాళ్ళం మనం చెప్పకపోతే, రేపు ప్రేమ లేనివాళ్ళు చెబుతారు" అన్నారు పంతులుగారు.

"పొలిమేర దాటి పో" అన్నాడు రాజు.

ముసలాయన పుస్తకాల మూట నెత్తిన పెట్టుకుని ఎండలో నడిచి వెళ్ళిపోతుంటే రాజు మేడ మీంచి చూశాడు. లోపలెక్కడో ముల్లు గుచ్చుకున్నట్టయింది. గబుక్కున తెర వేసేశాడు.

నెల తిరక్కుండా కోట ముందుకి ఒక బొమ్మలవాడు వచ్చాడు. ఎర్రటి జడలు, నవ్వు మొహం. భుజాన బొమ్మల బుట్ట, చేతిలో కొయ్యగుర్రం.

"నాన్నా, ఆ బొమ్మలన్నీ కావాలి" అన్నాడు పిల్లవాడు. రాజు "సరే" అన్నాడు.

"నాన్నా, ఆ గుర్రం ఎక్కుతాను." "సరే."

"నాన్నా, ఆ మామతో ఒక్క చుట్టు తిరిగొస్తాను."

పక్కనున్న మంత్రి, "వద్దు ప్రభూ, వాడెవడో ఏమిటో" అని గొణిగాడు. వద్దనాలని రాజుకీ ఉంది. కానీ పిల్లవాడి కింది పెదవి ముందుకొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాజు కళ్ళు మూసుకుని, "సరే" అన్నాడు.

కళ్ళు తెరిచేసరికి కొయ్యగుర్రం ఆకాశంలో ఉంది. పైనుంచి పెద్ద నవ్వు వినిపించింది. "నేను పింగళజటుణ్ణి! ఏడు సముద్రాల అవతల నా కోట. ఇచ్చింది తీసుకోవడమే తప్ప లాక్కోవడం నా మంత్రానికి చేతకాదు. వీణ్ణి నేను ఎత్తుకుపోవడం లేదు రాజా, నువ్వే ఇచ్చావు!"

ఊరంతా పోగయింది. "ఏమైంది ప్రభూ?" అని అడిగారు.

"మాంత్రికుడు నా కొడుకుని ఎత్తుకుపోయాడు" అన్నాడు రాజు.

మంత్రి తల దించుకున్నాడు. మంత్రి తల ఎందుకు దించుకున్నాడో రాజుకి తెలుసు.

ఆ రోజే కత్తి కట్టుకుని ఒంటరిగా బయల్దేరాడు. కొండలు దాటాడు, కోనలు దాటాడు, మొదటి సముద్రం ఒడ్డుకొచ్చాడు. అక్కడ బండంత తాబేలు ఎండ కాచుకుంటోంది.

"తాబేలు తాతా, నన్ను ఏడు సముద్రాలూ దాటిస్తావా?"

"దాటిస్తాను. ఎందుకెళుతున్నావో చెప్పు. కానీ నా వీపు అబద్ధం మొయ్యలేదు సుమా" అంది తాబేలు.

రాజు వీపెక్కగానే తాబేలు నీళ్ళలోకి దిగింది. "నా కొడుకుని మాంత్రికుడు ఎత్తుకుపోయాడు" అన్నాడు రాజు. తాబేలు రాజు మోకాటి లోతు మునిగింది.

"మాయ చేసి తీసుకుపోయాడు" అన్నాడు. నడుము లోతు మునిగింది.

"నేను చూడనప్పుడు తీసుకుపోయాడు" అన్నాడు. గొంతుదాకా నీళ్ళొచ్చాయి.

రాజుకి ఊపిరాడలేదు. చుట్టూ ఎవరూ లేరు, నీళ్ళు తప్ప. అయినా చుట్టూ ఓసారి చూసుకుని, చెవిలో చెప్పినట్టు చెప్పాడు. "నేనే పంపాను తాతా. తప్పని తెలుసు. వాడు ఏడుస్తాడేమో అని పంపేశాను."

తాబేలు బెండులా తేలింది. ఏడు సముద్రాలూ ఈదింది. రాజు దారి పొడుగునా తల ఎత్తలేదు.

అవతలి ఒడ్డున అడవి. అడవిలో ఒక లోయ అంచున తల్లి ఎలుగుబంటి అడ్డంగా కూర్చుని ఉంది. దాని పిల్ల లోయలోకి వేలాడుతున్న తేనెపట్టు కోసం గింజుకుంటోంది. తల్లిని గుద్దుతోంది, రక్కుతోంది, అడవి దద్దరిల్లేలా ఏడుస్తోంది. తల్లి దాన్ని కొట్టలేదు, తిట్టలేదు. కదలనూ లేదు.

రాజు చూడలేకపోయాడు. "అంతలా ఏడుస్తుంటే నీకు జాలి లేదా తల్లీ?"

"ఏడవనీ. పక్కనే ఉన్నాగా" అంది ఎలుగుబంటి.

కాసేపటికి పిల్ల ఏడిచి ఏడిచి, తల్లి ఒళ్ళోనే ముడుచుకుంది. తల్లి దాని చెవులు నాకింది. రాజు ఒక చెట్టు మొదట్లో కూలబడ్డాడు. ఒక అడవి జంతువుకి తెలిసినపాటి తనకి తెలియలేదే అని మొహం చేతుల్లో దాచుకున్నాడు.

ఎలుగుబంటి జాలిపడింది. "పింగళజటుడి కోసమా? వాడి ప్రాణం కోట వెనక బూరుగుచెట్టు తొర్రలో, పచ్చ చిలకలో ఉంది. చెట్టు చుట్టూ పాములు. ఆ చెట్టు మీద ఎగరగలిగేది ముసలి డేగ ఒక్కటే. దాన్ని అడుగు" అని దారి చూపింది.

డేగ కొండకొమ్మున కూర్చుని ఉంది. రాజు కథంతా చెప్పాడు. ఈసారి ఏదీ దాచలేదు.

డేగ నిట్టూర్చింది. "చిలకని తేవడం నాకు చిటికెలో పని. సూర్యోదయానికి తెచ్చి నీ చేతిలో పెడతాను. సూర్యుడు నడినెత్తికి వచ్చేదాకా నువ్వు దాన్ని ఎవరికీ ఇవ్వకూడదు. అప్పుడు మంత్రం వీడుతుంది, నాకు వదిలెయ్, మిగతాది నేను చూసుకుంటాను. కానీ రాజా, నీకంటే ముందు ముగ్గురు రాజులొచ్చారు. ముగ్గురికీ తెచ్చిపెట్టాను. ముగ్గురూ మధ్యాహ్నం కాకుండానే ఇచ్చేశారు."

"ఎవరికి ఇచ్చారు?"

"వాళ్ళ పిల్లలకే" అంది డేగ.

తెల్లారింది. కోట ముందు మైదానంలో డేగ చిలకని తెచ్చి రాజు చేతిలో పెట్టింది. కోట తలుపులు తెరుచుకున్నాయి. పింగళజటుడు వచ్చాడు. చేయి పట్టుకుని రతనాలరాజుని తీసుకొచ్చాడు. వెనక మరో ముగ్గురు పిల్లలు వచ్చి గోడ పక్కన నిలబడ్డారు.

రాజు పిల్లవాణ్ణి తల నుంచి పాదాలదాకా చూశాడు. ఒంటి నిండా నగలు, మూతి నిండా బెల్లం. కళ్ళు మాత్రం గుంటలు పడ్డాయి.

"నాన్నా! ఇక్కడ ఎవరూ పడుకోమని చెప్పరు నాన్నా" అన్నాడు.

మాంత్రికుడు నవ్వాడు. "రాజా, నేను నీతో యుద్ధం చెయ్యను. బాబూ, నాన్న చేతిలో చిలక చూశావా? అడుగు, ఇస్తాడు. ఎప్పుడు ఇవ్వలేదు గనక?"

రాజుకి తల కొట్టేసినట్టయింది. ఏడు సముద్రాల అవతల కూడా తన సంగతి తెలుసు!

"నాన్నా, చిలక కావాలి" అన్నాడు పిల్లవాడు.

"ఇవ్వను నాన్నా" అన్నాడు రాజు. ఆ మాట తన గొంతులోంచి వస్తుంటే వేరెవరో మాట్లాడినట్టుంది.

పిల్లవాడు నమ్మలేదు. ముద్దుగా నవ్వి చెయ్యి చాపాడు. "ఇవ్వను" అన్నాడు రాజు. పిల్లవాడు కాలితో తన్నాడు. "ఇవ్వకపోతే నువ్వు మా నాన్నవి కాదు!" అన్నాడు. "ఇవ్వను" అన్నాడు రాజు. పిల్లవాడు నేలమీద పడి దొర్లాడు. "అమ్మ ఉంటే ఇచ్చేది!" అని అరిచాడు.

రాజు పిడికిలి వదులైంది. చిలక రెక్క ఒకటి బయటికొచ్చింది. మాంత్రికుడు ముందుకి వంగాడు.

అప్పుడు గోడ పక్కనున్న పిల్లల్లోంచి ఒక ఆడపిల్ల, ఆరేళ్ళది, నెమ్మదిగా అంది. "నేనిలా అన్నప్పుడే మా నాన్న ఇచ్చేశాడు."

ఆ పిల్ల గొంతులో కోపం లేదు. అందుకే రాజు తట్టుకోలేకపోయాడు. పిడికిలి మళ్ళీ బిగించి, కొడుకు పక్కన మట్టిలో చతికిలబడ్డాడు.

"ఏడువు నాన్నా. నేనిక్కడే ఉన్నాను, ఎక్కడికీ పోను. చిలకని మాత్రం ఇవ్వను."

పిల్లవాడు గుద్దాడు, రక్కాడు. రాజు కళ్ళ వెంట ధారగా నీళ్ళు కారుతున్నాయి. నీడ జానెడయింది, బెత్తెడయింది. ఏడుపు వెక్కిళ్ళయింది. చివరికి పిల్లవాడు తండ్రి తొడ మీద తల పెట్టి, ఎన్నాళ్ళ నిద్రో ఒక్కసారిగా నిద్రపోయాడు.

సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. రాజు పిడికిలి విప్పాడు. డేగ రివ్వున వచ్చి చిలకని తన్నుకుపోయింది. పింగళజటుడు నిలుచున్నచోటే బూడిదయ్యాడు.

తాబేలు వీపు మీద రాజు, నలుగురు పిల్లలు తిరిగొచ్చారు. రాజు ముగ్గురు పిల్లల్నీ వాళ్ళవాళ్ళ ఇళ్ళకి చేర్చాడు. ఆ ఆడపిల్ల పగడాలదేవి. ఆమె తండ్రి కూతుర్ని చూసి దగ్గరికి రావడానికి జంకాడు. ఆ జంకు మణిసేనుడికి తెలుసు. ఆయన చెయ్యి పట్టుకుని పిల్ల దగ్గరికి తీసుకెళ్ళాడు.

తర్వాత పంతులుగారిని వెతుక్కుంటూ పొరుగూరికి నడిచివెళ్ళాడు. అరుగు మీద పదిమంది పిల్లలు చూస్తుండగా ఆయన కాళ్ళు పట్టుకున్నాడు. "లెండి మహారాజా, పిల్లలు పాఠం మానేసి చూస్తున్నారు" అన్నారు పంతులుగారు. పాఠం ముగించి, రాజు వెంట పాత బడికి తిరిగొచ్చారు. మర్నాడు రతనాలరాజు బడికెళ్ళి, పక్కవాడితో తప్పయిందని చెప్పాడు. చెప్పడానికి పూట పట్టిందనుకోండి.

ఒక్కరోజులో అంతా మారిందా? లేదు. రాజు మూడుసార్లు వద్దంటే ఒకసారి జారిపోయేవాడు. మళ్ళీ పళ్ళ బిగువున నిలబడేవాడు. పిల్లవాడు అలిగేవాడు, ఏడిచేవాడు, తండ్రి పక్కనే నిద్రపోయేవాడు.

ఏళ్ళు గడిచాయి. రతనాలరాజుకీ పగడాలదేవికీ పెళ్ళి కుదిరింది. పందిట్లో భట్రాజులు లేచి, "మాంత్రికుడు ఎత్తుకుపోయిన కుమారుణ్ణి ఏడు సముద్రాలు దాటి తెచ్చిన వీరాధివీరా!" అని పాట ఎత్తుకున్నారు.

రాజు చెయ్యెత్తి ఆపాడు. ముసలి రాజు చెవులు ఎర్రబడ్డాయి.

"అలా పాడకండి. ఎవరూ ఎత్తుకుపోలేదు. అడిగితే నేనే ఇచ్చేశాను. ఇన్నేళ్ళూ మీకు అబద్ధం చెప్పాను" అన్నాడు.

పీటల మీద కూర్చున్న పెళ్ళికొడుకు ఒక్కడే నవ్వాడు. "నాకు గుర్తుంది నాన్నా, గుర్రం మీద నుంచి నేను వెనక్కి చూశాను, నువ్వు కళ్ళు మూసుకుని ఉన్నావు" అన్నాడు. "ఆ తర్వాత నువ్వొచ్చావు. అది కూడా పాడమను."

రాజు ఉత్తరీయంతో మొహం తుడుచుకున్నాడు. భట్రాజులు పాట మార్చి మొదట్నుంచీ పాడారు. తలంబ్రాలు పడ్డాయి. రతనాలరాజు, పగడాలదేవి అరవయ్యేళ్ళు చల్లగా రాజ్యమేలారు. వాళ్ళ పిల్లలు ఏడవలేదా అంటారా? బోలెడు ఏడిచారు. వాళ్ళు ఏడిచినప్పుడల్లా పక్కన ఒకరు కూర్చునే ఉన్నారు. ఇదీ సింగారపురి కథ. ఇక లేవండి, పడుకునే వేళయింది.