చెలమ తవ్వే పోలక్క

పసుపువాగు అడవిలో కణుతులనే పెద్ద దుప్పులు, లేళ్ళు, కుందేళ్ళు, ఎలుగుబంట్లు, ముళ్ళపందులు, ముంగిసలు కలిసి బతికేవి. అడవి నడుమ ఒక వాగు ఉండేది. వానాకాలంలో అది ఒడ్డులు ఒరుసుకుంటూ పారేది. ఎండలు ముదిరేసరికి ఇసుక తప్ప ఏమీ మిగిలేది కాదు.

ఆ ఇసుక కింద నీళ్ళు దాగి ఉంటాయని మొదట కనిపెట్టింది ఒక అడవిపంది. పేరు పోలమ్మ. చిన్నా పెద్దా అంతా పోలక్క అని పిలిచేవాళ్ళు. ఆమె రోజూ తెల్లవారకముందే వాగులోకి దిగి, మూతితో ఇసుక తవ్వి చెలమ తీసేది. ఎండెక్కేసరికి జంతువులన్నీ వచ్చి తాగి వెళ్ళేవి.

చెలమ తీయడం చూసినంత తేలిక కాదు. పైనున్న పొడి ఇసుకను దూరంగా నెట్టాలి. దగ్గరే పోస్తే మళ్ళీ గుంటలోకి జారుతుంది. లోపల తడి తగిలాక ఇంకాస్త తవ్వితే నీళ్ళు ఊరతాయి. మొదట ఊరినవి మట్టినీళ్ళు. వాటిని బయటికి చిమ్మి, తేటనీళ్ళు ఊరేదాకా కూర్చోవాలి. అంచు కూలకుండా చుట్టూ రాళ్ళు పెట్టాలి. ఇంత చేసినా సాయంత్రానికి అందరూ తొక్కి తొక్కి చెలమ సగం పూడిపోయేది. మర్నాడు మళ్ళీ మొదటికి వచ్చేది.

పోలక్క ఈ పని ఏడు వేసవులు చేసింది. ఎవరూ చేయమనలేదు. ఎవరూ వద్దనలేదు. మొదట్లో తన పిల్లల కోసం తవ్వింది. పిల్లలు పెరిగి కొండ అవతలికి వెళ్ళిపోయాయి. అప్పటికి మిగతా జంతువులు ఆ చెలమకు అలవాటు పడ్డాయి. పోలక్కకు మానే దారి కనిపించలేదు.

ఎనిమిదో ఏడు వానలు సరిగా పడలేదు. నీళ్ళు బాగా కిందికి దిగిపోయాయి. ఎప్పుడూ మోకాలి లోతులో దొరికే తడి ఈసారి మెడలోతు తవ్వినా దొరకలేదు. పోలక్క మూతి చర్మం ఒరిసిపోయి నెత్తురు చిమ్మేది. ఒకరోజు గుంటలో ఉండగానే ఆమెకు కళ్ళు తిరిగాయి. కాళ్ళు లేవలేదు. ఎండ నెత్తిమీదికి వచ్చేదాకా ఆ గుంటలోనే పడి ఉంది.

ఆరోజు జంతువులు వచ్చి చుట్టూ నిలబడ్డాయి.

"నీళ్ళు ఇంకా ఊరలేదా పోలక్కా?" అని అడిగింది ఒక ముంగిస.

"ఊరతాయి, ఉండండి" అంది పోలక్క. అప్పుడే ఆమెకు ఒక సంగతి తట్టింది. ఏదో ఒక రోజు తాను లేవకపోతే వీళ్ళందరూ ఇలాగే నిలబడి ఎదురుచూస్తారు.

మర్నాడు చెలమ తీయడం అయ్యాక ఆమె పెద్దల సభకు వెళ్ళింది. ఆ సభకు పెద్ద భూపతి అనే కణితి. అతనికి కొమ్ములు చాలా విశాలంగా ఉండేవి. నల్లమద్ది చెట్టు నీడలో నిలబడి తీర్పులు చెప్పేవాడు. అతని మాటను అడవంతా చాటడానికి ఒక గోరింక ఉండేది.

"అయ్యా, నాకు ఓపిక తగ్గింది. రోజుకు ఇద్దరిని తోడు పంపండి. ఇవాళ ఇద్దరు, రేపు ఇంకో ఇద్దరు. అంతే చాలు" అంది పోలక్క.

భూపతి శ్రద్ధగా విన్నాడు. తల ఊపాడు. "నువ్వు ఇన్నాళ్ళుగా ఇంత సేవ చేస్తున్నావని మాకు తెలియనే లేదు. దీన్ని ఊరికే వదలకూడదు. సభలో మాట్లాడి చెబుతాం" అన్నాడు.

సభ మూడు రోజులు మాట్లాడింది. పోలక్క ఆ మూడు రోజులూ ఒంటరిగానే తవ్వింది. నాలుగోనాడు గోరింక ఎగురుకుంటూ వచ్చింది.

"పోలక్కా, మంచి కబురు. వచ్చే ఆదివారం మన అడవిలో నీటి జాగ్రత్త దినం. ఆరోజు నీకు సన్మానం. భూపతిగారే స్వయంగా దండ వేస్తారు."

పోలక్క మూతికి అంటిన ఇసుక దులుపుకుంది. "మరి ఆ ఇద్దరు?"

"ఏ ఇద్దరు?"

పోలక్క మళ్ళీ నల్లమద్ది చెట్టు దగ్గరికి నడిచింది. ఎండలో అది చాలా దూరం. "సన్మానం కోసం రాలేదయ్యా. తోడు కోసం వచ్చాను" అని చెప్పింది.

భూపతి నవ్వాడు. "ముందు అందరికీ తెలియాలి కదా పోలక్కా. తెలిస్తే వాళ్ళంతట వాళ్ళే వస్తారు. తెలియజెప్పడమే సభ పని. ఆ పని మేం చేస్తాం. నువ్వు నిశ్చింతగా వెళ్ళు."

ఆ మాట కూడా నిజమేనేమో అనిపించింది పోలక్కకు. వాదించే ఓపిక కూడా లేదు. తిరిగి వచ్చి తన పొద కింద పడుకుంది.

గోరింక నాలుగు రోజులు అడవంతా తిరిగి చాటింది. "ఆదివారం వాగులో సభ. నీటి జాగ్రత్త దినం. అందరూ రండి" అని ప్రతి పుట్ట దగ్గరా, ప్రతి గుహ దగ్గరా అరిచింది. వాగు గురించి అందరూ మాట్లాడుకున్నారు. వాగులోకి మాత్రం ఎవరూ దిగలేదు.

ఆదివారం తెల్లవారుజామునే గోరింక వచ్చి పోలక్కను లేపింది.

"ఇవాళ తవ్వకు. సన్మానం అందుకునేవాళ్ళు ఒళ్ళంతా మట్టితో కూర్చుంటే బాగుండదు. భూపతిగారు చెప్పమన్నారు."

"తవ్వకపోతే మధ్యాహ్నానికి వీళ్ళేం తాగుతారు?"

"నిన్నటి చెలమలో కాస్త ఉన్నాయిగా. ఒక్కపూటకు ఏం కాదు."

పోలక్కను తీసుకెళ్ళి వాగు నడుమ ఒక బండ మీద కూర్చోబెట్టారు. జంతువులు గుంపులు గుంపులుగా వచ్చాయి. దూరపు కొండల నుంచి కూడా వచ్చాయి. చెన్నమ్మ అనే లేడి నెల రోజుల పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. అంతమందిని పోలక్క వాగులో ఎప్పుడూ చూడలేదు. ఇసుక కనపడకుండా నిలబడ్డారు. చెలమ చుట్టూ కూడా నిలబడ్డారు.

"అటువైపు తొక్కకండి నాయనా. అంచు జారుతుంది" అంది పోలక్క.

"సభ మొదలైంది, కాసేపు మాట్లాడకు పోలక్కా" అంది గోరింక.

భూపతి చాలాసేపు మాట్లాడాడు. నీరు ఎంత విలువైనదో చెప్పాడు. తన తాత కాలంలో వాగు ఎలా పారేదో చెప్పాడు. తర్వాత పోలక్క భుజాల మీద టేకాకులతో కుట్టిన శాలువా కప్పాడు. మెడలో రేలపూల దండ వేశాడు. అందరూ సంతోషంగా అరిచారు. పోలక్క తల వంచి కూర్చుంది. ఏడేళ్ళలో తనను ఎవరూ అంత ప్రేమగా చూడలేదు. ఆ క్షణం ఆమెకు నిజంగానే బాగుంది. కానీ కళ్ళు మాటిమాటికీ చెలమ వైపే వెళ్ళాయి.

"ఇప్పుడు అందరం ప్రతిజ్ఞ చేద్దాం" అన్నాడు భూపతి. "కుడికాలు ఎత్తండి. ఒక్క చుక్క నీరు కూడా పోనివ్వం అనండి."

"ఒక్క చుక్క నీరు కూడా పోనివ్వం" అన్నారు అందరూ. ఎత్తిన కాళ్ళు ఒక్కసారిగా దించారు.

వాగులో ఇసుక అదిరింది. చెలమ చుట్టూ ఉన్న రాళ్ళు దొర్లాయి. నాలుగువైపుల నుంచీ అంచు కూలి లోపల పడింది. నిన్నటి నుంచి మిగిలిన కాసిని నీళ్ళూ ఇసుక కిందికి పోయాయి.

మధ్యాహ్నం దాటింది. ఎండలో నిలబడి నిలబడి అందరి నోళ్ళూ ఎండిపోయాయి. తాగుదామని చెలమ వైపు తిరిగారు. అక్కడ ఇసుక తప్ప ఏమీ లేదు. అందరూ భూపతి వైపు చూశారు.

భూపతి కంగారు పడ్డాడు. అయినా కొమ్ములు దించలేదు. "పై వాగులో రాళ్ళమడుగు ఉంది. నా వెంట రండి" అన్నాడు.

పోలక్క బండ దిగింది. "ఆ మడుగు ఎండి పదిరోజులైందయ్యా. పైకి నీళ్ళలా మెరుస్తుంది. అడుగున అంతా ఊబి. అటు వెళ్ళొద్దు."

"ఈ అడవికి పెద్దను నేను. ఏ మడుగు ఎలా ఉందో నాకు తెలియదా?" అన్నాడు భూపతి. అంతమందిలో ఒక అడవిపంది తనకు చెప్పడం అతనికి నచ్చలేదు. అతను ముందు నడిచాడు. సగంమంది వెనక వెళ్ళారు.

వాళ్ళు వెళ్ళిన వైపు పోలక్క కాసేపు చూసింది. తర్వాత కూలిన చెలమ దగ్గరికి వచ్చి మూతి ఇసుకలో పెట్టింది. ఇసుక నిప్పులా కాలుతోంది. శాలువా కాళ్ళకు అడ్డం పడింది. దాన్ని తీసి పక్కన పెట్టింది.

లేడి చెన్నమ్మ దగ్గరికి వచ్చింది. పిల్ల నిలబడలేక ఆమె కాళ్ళ మధ్య కూలబడి ఉంది.

"పోలక్కా, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. నీ మెడలో పూలలో కాస్త తడి ఉంటుంది. నా పిల్ల నమలొచ్చా?"

"దాందేముందమ్మా" అని పోలక్క మెడ వంచింది. పిల్ల ఒక్కొక్క పువ్వూ లాక్కుని నమిలింది. దండ అయిపోయేదాకా పోలక్క కదలకుండా నిలబడింది.

చెన్నమ్మ ఆ ముసలి మూతి మీది పుండ్లను అప్పుడే దగ్గరగా చూసింది. గుంటలోకి దిగి ముందుకాళ్ళతో ఇసుక వెనక్కి చిమ్మడం మొదలుపెట్టింది.

"దూరంగా చిమ్ము. దగ్గర పడితే మళ్ళీ జారుతుంది" అంది పోలక్క.

అది చూసి కుందేళ్ళు దిగాయి. ఒక ఎలుగుబంటి వచ్చి తన పెద్దగోళ్ళతో తవ్వింది. ముళ్ళపందులు రాళ్ళు దొర్లించుకొచ్చాయి. పొద్దు వాలుతుండగా అడుగున ఇసుక నల్లబడింది. ఇంకాసేపటికి నీళ్ళు ఊరాయి. ఎలుగుబంటి ఆత్రంగా మూతి పెట్టబోయింది.

"అవి మట్టినీళ్ళు. చిమ్మేయాలి" అంది పోలక్క.

తేటనీళ్ళు ఊరాక మొదట లేడిపిల్ల తాగింది.

అంతలో గోరింక రొప్పుతూ వచ్చి వాలింది. "భూపతిగారు ఊబిలో దిగబడ్డారు. పొట్టదాకా మునిగారు. వెంట వెళ్ళినవాళ్ళు భయపడి ఒడ్డునే నిలబడిపోయారు. పోలక్కా, నువ్వు రావాలి."

పోలక్క కళ్ళు మూసుకుంది. అప్పటికి ఆమె ఇంకా నీళ్ళు తాగలేదు. "పదండి" అంది.

ఆమె చెప్పినట్టు కొమ్మలు విరిచి ఊబి మీద పరిచారు. తీగలు పేని భూపతి కొమ్ములకు తగిలించారు. ఎలుగుబంటి, ఒడ్డున ఉన్న కణుతులు కలిసి లాగాయి. భూపతి బయటికి వచ్చాడు. ఆ లాగుడులో ఎడమ కొమ్ము మొదలంటా విరిగిపోయింది.

అతన్ని నడిపించుకుని చెలమ దగ్గరికి తెచ్చారు. ఒంటినిండా బురద. తలవంచుకుని నిలబడ్డాడు.

"పోలక్కా, నువ్వు మొదటే చెప్పావు. ఇద్దరే కదా అడిగావు. నేను..."

"ముందు నీళ్ళు తాగవయ్యా" అంది పోలక్క. అతను తాగాక ఆమె తాగింది.

మర్నాడు తెల్లవారకముందే అలవాటుకొద్దీ పోలక్కకు మెలకువ వచ్చింది. నడుం పట్టేసింది. అయినా లేచి వాగుకు నడిచింది.

అప్పటికే చెలమలో ఎవరో ఉన్నారు. దగ్గరికి వెళ్ళి చూసింది. చెన్నమ్మ, రెండు కుందేళ్ళు, వాళ్ళ పక్కన ఒంటికొమ్ముతో భూపతి. అతను గిట్టలతో ఇసుక దూరంగా చిమ్ముతున్నాడు. పని కొత్త కావడంతో సగం మళ్ళీ లోపలే పడుతోంది. గోరింక ఒడ్డున కూర్చుని రేపు ఎవరి వంతో, ఎల్లుండి ఎవరి వంతో పేర్లు చెబుతోంది. ఈసారి చాటింపు అదే. ఆ పేర్లలో భూపతి పేరు నాలుగు రోజులకొకసారి వచ్చింది.

పోలక్క కాసేపు నిలబడింది. ఏం చేయాలో తోచలేదు. ఏడేళ్ళుగా ఆ వేళప్పుడు ఆమెకు పని లేకుండా ఎప్పుడూ లేదు.

"రాయి అటు పెట్టండి" అని ఒక మాట చెప్పి వెనక్కి తిరిగింది. పొద కింద పడుకుంది. ఎండ నెత్తికెక్కింది. ఆమె హాయిగా నిద్రపోతోంది, లేవలేదు.

చెలమ నిండింది. అందరూ వచ్చి తాగుతున్నారు. "పోలక్క ఇంకా తాగలేదు, లేపుకు రానా?" అని అడిగింది గోరింక.

"వద్దు. పడుకోనివ్వు. నీళ్ళు ఎక్కడికీ పోవు" అన్నాడు భూపతి.

నీతి: మంచిపని చేసేవారి మెడలో దండ వేసి ఊరుకుంటే వారి భారం తగ్గదు, పక్కన నిలబడి ఆ పనిలో మనమూ ఒక చేయి వేయడమే అసలైన సన్మానం.