తలుపు వదలమన్న దాలమ్మ

ఎప్పటి సంగతో చెప్పేవాళ్ళకే తెలీదు, వినేవాళ్ళకేం తెలుస్తుంది! సముద్రం ఒడ్డున ఉప్పు పండించే ఊరొకటి ఉండేది. ఆ ఊళ్ళో దాలమ్మ అని ఒక మనిషి. ఉప్పుగాలికి తాళంచెవులు తుప్పుపట్టి విరిగిపోతే, చెవి లేకుండానే తాళం కప్పలు తీసిపెట్టడం ఆవిడ పని.

దాలమ్మకి నిమ్మళం లేదు. కూర్చుంటే లేచేది, లేస్తే నడిచేది, నడుస్తూనే అన్నం తినేది. "కాళ్ళకి చక్రాలున్నాయేటే నీకు?" అని ఊరంతా ఆటపట్టించేది.

ఆవిడ పనిముట్లు రెండే. ఒకటి వంకర కమ్మి. దాన్ని చెవి దూరే చోట పెట్టి, తిప్పీ తిప్పనట్టు పట్టుకోవాలి. రెండోది సన్నపుల్ల. దాంతో లోపలి మేకుల్ని ఒక్కొక్కటే పైకెత్తాలి. కమ్మి మీద బరువెక్కువైతే మేకులు బిగుసుకుపోతాయి. పని నేర్పిన తండ్రి మొత్తుకునేవాడు. "వేలి బరువు వద్దే అమ్మా, గోరు బరువు చాలు." వింటేనా! నిమ్మళం లేదుగా, కమ్ములన్నీ వంచేసేది.

ఒకరోజు గవరమ్మ కూతురు చిట్టెమ్మ ఆడుకుంటూ ఉప్పుకొట్టులోకి దూరి, గుట్ట వెనక నిద్రపోయింది. కాపలావాడు చూసుకోకుండా తాళం వేసి, చెవి మొలకి దోపుకుని పడవెక్కి పోయాడు. పిల్ల లేచి కదిలేసరికి ఉప్పుగుట్ట జారింది.

"అమ్మా, మోకాళ్ళ దాకా వచ్చేసింది!"

జనం గొడ్డలి తెచ్చారు. తలుపు మీద ఒక్క దెబ్బ పడిందో లేదో, లోపల ఉప్పు మళ్ళీ జారింది.

"అమ్మా, నడుం దాకా వచ్చేసింది!"

గొడ్డలి పారేసి దాలమ్మని పిలిచారు. ఆవిడ నడిచొస్తుందా, పరిగెత్తుకొచ్చింది. గవరమ్మ తలుపు పట్టుకుని ఇవతలికి లాగుతోంది. పక్కనే ఇంకో నలుగురు లాగుతున్నారు. దాలమ్మ కమ్మి దూర్చి నొక్కింది. రెండు మూడు మేకులు లేచాయి, తర్వాతది కదల్లేదు. ఇంకా గట్టిగా నొక్కింది. కమ్మి వంగింది.

"అమ్మా, గుండెల దాకా వచ్చేసింది!"

దాలమ్మ తలెత్తింది. అప్పుడు చూసింది. తలుపు లాగుతున్న కొద్దీ గొళ్ళెంలో తాళం కప్ప బిర్రబిగిసి ఉంది. అటు వాళ్ళు, ఇటు తను.

"తలుపొదిలీండి! మనమే దీన్ని బిగించేస్తన్నాం."

అందరూ వదిలారు. గవరమ్మ వదల్లేదు. "నా పిల్ల లోపలుంటే తలుపొదిలీమంటావా ఒదినా?"

"నువ్వు పట్టుకున్నంతసేపూ ఇది రాదు ఒదినా. నానూ వదిలేస్తన్నాను, సూడు."

గవరమ్మ ఏడుస్తూ ఒక్కో వేలూ తీసింది. దాలమ్మ కమ్మి మీద బరువు తగ్గించింది. అప్పటిదాకా ఎత్తిన మేకులు ఒక్కొక్కటే జారి కిందపడ్డాయి. అంతా పోయిందనుకుంది. కాళ్ళు నిలవక నేలను తంతూనే ఉన్నాయి. చెయ్యి మాత్రం గోరు బరువు దాటలేదు. ఒక మేకు ఎత్తింది, నిలిచింది. ఇంకోటి నిలిచింది. చివరిది కూడా నిలిచి, కప్ప టక్కున ఊడింది.

పిల్లని గెడ్డం దాకా కమ్మిన ఉప్పులోంచి తవ్వి తీశారు. బతికింది. గవరమ్మ పిల్లని ఎత్తుకుని, ఇంకో చేత్తో దాలమ్మని పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

దాలమ్మ ముసలిదయ్యాక సంతకి నడుస్తూ నడుస్తూ దారిలోనే కన్నుమూసింది. మంచం మీద పోయే మనిషా ఆవిడ!

ఇప్పటికీ ఆ ఊళ్ళో తాళం పట్టేస్తే ఎవరూ తలుపు లాగరు. చేతులు తీసి, "వదిలేశాం దాలమ్మా" అంటారు, ఆ తర్వాతే చెవి తిప్పుతారు. కూతుళ్ళ పురిటిగది బయట నిలబడ్డ తల్లులు కూడా గుమ్మం మీంచి చేతులు తీసి ఆ మాటే అంటారు. మొట్టమొదట అలా అన్నది గవరమ్మట, చిట్టెమ్మ పురిటిరోజున.