తాతగారి రహస్యపు పూత

అంగట్లో అప్పడాలు కొనుక్కొచ్చి, వేయించి, ఇవి నా చేత్తో వత్తినవే అని ఊరంతా చాటుకునేవాణ్ణి ఏమంటారర్రా? నూనె కాగేలోపు చెబుతాను, వినండి.

వీరకంపరాజుకు కొత్త పిచ్చి పట్టుకుంది, పొగకుండలని. అంటే ఏమిటి? కుండకు గాజుపూత పూసి ఆవంలో కాలుస్తారు. పూత కరిగి, కుండ నిప్పులా ఎర్రబడగానే పట్టకారుతో పైకి లాగి, ఊకలో పడేసి మూత పెడతారు. ఆ పొగ పూత పగుళ్లలోకి దూరి నల్లని గీతలు గీస్తుంది. పూత లేని చోట మట్టి బొగ్గులా అయిపోతుంది. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ అడుగుతాను.

ఆస్థాన కుమ్మరి శరభయ్య చేసే కుండలకన్నా కొట్టే డప్పు ఎక్కువ. తన పూత తాతగారి రహస్యమట, రాయి తెచ్చి స్వయంగా నూరతాడట. కుమ్మరివీధి పేరక్క మాత్రం, చిన్నసెగకే కరిగే పూత అంగట్లో కొన్నానని అడిగినవాళ్లకల్లా చెప్పేది. కొన్న పూత పూసే మనిషికి ఆవమెందుకు, పడగొట్టించండని శరభయ్య రాజు చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. సరే, పున్నమినాడు ఇద్దరూ కొలువు ముందే కాల్చండి, ఓడినవాళ్ల ఆవం నేలమట్టం అన్నాడు రాజు. పేరక్కకు ఆ ఆవమే కూడు.

రాజుగారికి ఆకువక్కలందించే తిప్పన్న ఇదంతా విన్నాడు. శరభయ్య చేతిలో తాంబూలం పెడుతూ అరచెయ్యి చూశాడు. వెన్నముద్దలా ఉంది, ఒక్క కాయ లేదు. రాళ్లు నూరిన చెయ్యా ఇది?

తిన్నగా పూతలమ్మే అంగడికి పోయి, శరభయ్య మనిషి వస్తే పూతకు బదులు బియ్యప్పిండి జారుగా కలిపి ఇమ్మన్నాడు. నిజంగా నూరుకునేవాడైతే ఎవర్నీ పంపడు, దిగులేముంది?

పున్నమి వచ్చింది. ఊకలోంచి పేరక్క కుండ తీస్తే, మీగడ మీద చీమలబారుల్లా సన్నని గీతలు. కొలువంతా మెడలు చాచింది. తరవాత శరభయ్య కుండ. ఇందాక ఏం గుర్తుంచుకోమన్నాను? ఆఁ, బొగ్గు. పిండి కాలిపోయింది, మట్టి నల్లబడింది.

తిప్పన్న వంగి చూసి, తాతగారి రహస్యం అడుగంటిన దోసెలా ఉందేమిటండీ అన్నాడు.

శరభయ్యకు ఒళ్లు మండిపోయింది. "నా పనికి వంక పెట్టకు. ఆ అంగడివాడే పూతని చెప్పి పిండి అంటగట్టాడు, వెధవ."

తిప్పన్న చేతులు కట్టుకున్నాడు.

"మీ తాతగారు అంగడి ఎప్పుడు పెట్టారండీ?"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. కొలువు నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. తిప్పన్న చేతికి బంగారు కడియం, పేరక్క ఆవానికి రాజుగారి అండ. శరభయ్య ఆవం అన్నమాట ప్రకారం నేలమట్టం, పైగా అతను అరచేతులు కాయలు కాసేదాకా పేరక్క ముంగిట్లో మట్టి పిసకాలి.

ఏమిటా చూపులు? అవునర్రా, ఇవి కొన్న అప్పడాలే. నూనె కాగింది, మాడకుండా వేయించాలి, జరగండి.