నేను చెప్పాను గనక

ఆ దొడ్డి చుట్టూ ముళ్లకంచె. ఒక మూల గడ్డివాము, ఇంకో మూల పేడకుప్ప. పొద్దుగూకితే ఇంటామె కోళ్లన్నిటినీ పిలిచి గంప కింద మూసేది. గంప కిందకి చేరిన కోడి మర్నాడు లేచేది. బయట మిగిలిన కోడిని కంచె అవతలి ముంగిస తినేది. అందుకని అక్కడ గంప అంటే ప్రాణమే.

ఆ గంప తనదే అన్నట్టు తిరిగేవాడు డేగపుంజు. ఎర్రటి ఒళ్లు, వంపు తిరిగిన తోక. వాడు గంప దగ్గర నిలబడి ముక్కుతో పొడిస్తే ఎవరికీ లోపల చోటు ఉండదు. వాడి నోట్లో ఒకటే మాట: "నేను చెప్పాను గనక." ఆ మాటతో దొడ్డంతా ఏలాడు. తెలివి లేనివాడికి పెత్తనం ఇస్తే ఏమవుతుందో చెప్పడానికే ఈ కథ చెబుతున్నాను.

ఒకనాడు పొద్దున్నే నల్లపెట్ట పిల్లల్లో ఒకటి, నుదుట తెల్లమచ్చ ఉన్నది, పేరు బొట్టు, పుంజు ముందుకొచ్చి నిలబడింది.

"తాతా, నిన్న వానొస్తుందని మమ్మల్నందర్నీ మధ్యాహ్నం దాకా బండి కింద కూర్చోబెట్టావు. చినుకు కూడా పడలేదు. వానొస్తుందని నీకెట్టా తెలిసింది?"

"నేను చెప్పాను గనక."

"అది చెప్పడం తాతా. తెలియడం ఎట్టాగని అడుగుతున్నా."

దొడ్డిలో ఎవరో కిసుక్కున నవ్వారు. పుంజు తలమీది తురాయి ఇంకా ఎర్రబడింది.

"నల్లపెట్టా, ఇట్టా రా. నీ పిల్లలకి నోరెక్కువైంది."

"నోరు కాదు మావా, కళ్లు. చూశారు, అడిగారు."

"పెద్దంతరం చిన్నంతరం లేకుండా పెంచావు."

"ఉన్నాయి కాబట్టే తాతా అని పిలిచి అడిగింది. ఆకలితో కూర్చోబెట్టిన వాళ్లని నేనైతే ఆ మాట కూడా అనను."

"ఇంకొక్కసారి నీ పిల్లలు నా మాటకి ఎదురడిగితే మీకు గంప లేదు."

"గంప ఇంటామెది మావా. నువ్వూ అందులో దూరేవాడివే."

అలా అని వెనక్కి తిరిగింది. తిరిగింది గానీ కళ్లు కంచె వైపే పోయాయి. రెక్కలు రాని పిల్లలు, కంచె పక్కనే ముంగిస.

తెల్లపెట్ట వెనకే వచ్చింది. దాని పిల్లలు దారం పట్టి గీసినట్టు వరసగా నడుస్తున్నారు.

"ఎందుకక్కా ఈ పట్టుదల? నా పిల్లల్ని చూడు. నిలబడమంటే నిలబడతారు, రమ్మంటే వస్తారు."

"ఎవరు రమ్మన్నా వస్తారు. అదే నా భయం."

తెల్లపెట్ట మూతి ముడుచుకుని పోయింది.

నల్లపెట్ట పెంపకం వేరు. నేల కెలికి గింజలూ గులకరాళ్లూ కలిపి పిల్లల ముందు చిమ్మేది. "ఏది గింజ? ఎట్టా చెప్పావు?" అనేది. రాయి కొరికిన పిల్లని పొడిచేది కాదు, "మళ్లీ చూడు" అనేది. గద్ద వచ్చినప్పుడు మాత్రం "ముందు ఉరకండి, తర్వాత చెబుతా" అనేది. గద్ద పోయాక మర్చిపోకుండా చెప్పేది. తనకి తెలియంది అడిగితే "నాకూ తెలీదు, పద చూద్దాం" అని వెంటబెట్టుకు పోయేది. "నేను చెప్పాను గనక" అన్న మాట ఆ తల్లి నోట ఏనాడూ రాలేదు.

ఈ సంగతి ముంగిసకి తెలీదు. కంచె కింద పడుకుని రోజులకొద్దీ చెవులు రిక్కించి విన్నాడు వాడు. నల్లపెట్ట గొంతు నేర్చాడు, తెల్లపెట్ట గొంతు నేర్చాడు. పుంజు అరిచినంతగా ఇంకెవరూ అరవరు కాబట్టి పెద్దల మాట అంటే ఇదేనని పుంజు మాట కూడా నేర్చాడు.

ఆ మధ్యాహ్నం ఇంటామె వాకిట్లో బియ్యం చెరుగుతుంటే పెట్టలు నూకల కోసం పోయాయి. పిల్లలు దొడ్డిలో ఉన్నారు. పుంజు గడ్డివాము ఎక్కి కునుకు తీస్తున్నాడు. పేడకుప్ప వెనక నుంచి నల్లపెట్ట గొంతు వినబడింది.

"పిల్లలూ, ఇట్టా రండి."

"ఎందుకమ్మా?" అంది బొట్టు.

"పురుగులున్నాయి."

"ఏం పురుగులు?"

"లావు పురుగులు."

"పాకేవా, ఎగిరేవా?"

"అన్ని ప్రశ్నలు దేనికి? రమ్మంటే రావాలి."

"ఎందుకు రావాలి?"

"నేను చెప్పాను గనక."

నల్లపెట్ట పిల్లలు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. బొట్టు మెల్లగా అంది: "గొంతు అమ్మదే. మాట అమ్మది కాదు."

అంతలో అదే కుప్ప వెనక నుంచి తెల్లపెట్ట గొంతు. "నా బంగారు కొండలూ, మీరు రండి." తెల్లపెట్ట పిల్లలు వరస కట్టి బయల్దేరారు. బొట్టు ఉరికి వాళ్ల దారికి అడ్డం పడింది.

"ఆగండి. మీ అమ్మ వాకిట్లోకి పోవడం చూడలేదా? కుప్ప వెనక్కి ఎప్పుడొచ్చింది?"

"మేం అడగకూడదు. అమ్మ తిడుతుంది."

"మీరు అడగొద్దు, నేనడుగుతా. పిన్నీ, ఒక్కసారి తల చూపించు."

తల రాలేదు, మళ్లీ పిలుపే వచ్చింది. ఈ గోలకి పుంజుకి మెలకువ వచ్చింది.

"ఏమిట్రా రచ్చ? మీ తల్లులు పిలుస్తుంటే కదలరేం?"

"వాళ్లు మా అమ్మలు కాదు తాతా."

"గొంతు నాకు తెలీదా? నడవండి. నేను చెప్పాను గనక నడవండి. లేదంటే ఇవాళ గంప లేదు."

గంప లేకపోతే ఏమవుతుందో బొట్టుకీ తెలుసు. అయినా కదల్లేదు.

"గంప లేకపోతే లేదు తాతా. తల చూడందే మేం రాం. నీకంత నమ్మకముంటే నువ్వే పోయి చూసిరా."

దొడ్డి పెద్దకి ఇంతకంటే అవమానం ఉందా? పుంజు వాము దిగి, రొమ్ము విరుచుకుని, పేడకుప్ప వెనక్కి నడిచాడు.

తర్వాత వినబడిన కేకకి వాకిట్లో ఇంటామె చేతిలో చేట జారింది. పెట్టలు పరిగెత్తుకొచ్చేసరికి పుంజు కుప్ప మీద నుంచి పల్టీ కొట్టి వస్తున్నాడు, వెనక తోక లేదు. ముంగిస నోటినిండా ఎర్రటి ఈకలు. నల్లపెట్ట ఎగిరి వాడి ముఖం మీద పడి గోళ్లతో చీల్చింది. ఇంటామె కర్ర తీసుకుని వచ్చింది. ముంగిస ముళ్లలోంచి దూరి పారిపోతూ గొణుక్కున్నాడు: "అందరూ ఆ మాటకి లొంగుతారు కదా, వీళ్లకేమైంది?"

పొద్దుగూకింది. ఇంటామె గంప ఎత్తి పట్టుకుంది. డేగపుంజు గంప పక్కన నిలబడ్డాడు గానీ ఇంటి గోడకి వెనక భాగం ఆనించి నిలబడ్డాడు. నల్లపెట్ట పిల్లల్ని తీసుకుని సూటిగా వాడి ముందుకే వచ్చింది.

"ఏం మావా, గంప లేదన్నావు."

పుంజు నేల చూశాడు.

"మాట ఇచ్చినవాడివి తరమాలిగా. తరుము."

పుంజు పక్కకి తప్పుకున్నాడు. పిల్లలందర్నీ ముందు పంపి, చివరగా తను లోపలికి పోయింది నల్లపెట్ట. వాడి వంక మళ్లీ చూడలేదు. ఆ తర్వాత కూడా ఏనాడూ వాడితో మాట్లాడలేదు. మంచి పని చేసింది.

గంప మూశాక తెల్లపెట్ట పిల్లల్లో ఒకటి గొంతు విప్పింది. "అమ్మా, మనం రోజూ వరసగానే ఎందుకు నడవాలి?"

"నేను చెప్..." అని తెల్లపెట్ట నోరు మూసుకుంది.

"నాకూ తెలీదమ్మా. రేపు విడిగా నడిచి చూద్దాం."

నీతి: ఇంట్లో పిల్లల "ఎందుకు"ని నొక్కేసిన పెద్దలు, బయటివాడి "రా" అన్న పిలుపుకి ఆ పిల్లల్ని తమ చేత్తోనే అప్పజెబుతారు.