దిగేటప్పుడు మూడో గేరు

సుభద్రాంబ గారిని ప్రశ్న అడగాలంటే ఆశ్రమంలో అందరికీ కాస్త జంకు. కసురుకుంటారని కాదు, అడిగినవాడి చేతికి వెంటనే ఏదో ఒక పని తగిలించడం ఆవిడ అలవాటు. మోక్షం గురించి అడిగిన ఒక పెద్దమనిషి పందిరి మీదికి కాకరపాదు ఎక్కిస్తూ పొద్దుగూకే దాకా నిలబడ్డాడు. ఆయనకు జవాబు దొరికిందో లేదో తెలియదు గానీ, కాయలు మాత్రం విరగ కాశాయి.

ఇదంతా తెలిసి కూడా వీరభద్రం ఒకనాటి ఉదయం ఆవిడ ముందు కూర్చున్నాడు. కాకినాడలో గేరుబాక్సులు బాగుచేసే షెడ్డు అతనిది. చేతి పనికి ఎంత పేరో, నోటి దురుసుకీ అంత పేరు. ఓ రోజు కంచం విసిరేస్తే భార్య రాజేశ్వరి, "ఆ కోపాన్ని ఎక్కడైనా దించేసి రా, అప్పుడు గుమ్మం ఎక్కుదువు గాని" అంది. అలా ఈ కొండ మీదికి చేరి ఏడాది దాటింది. ఇంటి మీద బెంగతో మనిషి సగమయ్యాడు.

"అమ్మగారూ, ఈ ఏడాదిలో నేను ఒక్కరి మీదా నోరు చేసుకోలేదు. నా కోపం పోయినట్టేనా? ఇక ఇంటికి వెళ్ళొచ్చా?" అని అడిగాడు.

ఆవిడ జవాబు చెప్పబోతున్నట్టే కనిపించారు. ఇంతలో ఘాటు రోడ్డు మీద హారను మోగింది. రొయ్యల వ్యాపారి జోగారావు, ఆవిడ పాత శిష్యుడే, ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్సు కారులో దిగాడు. ఎవరో జమీందారు గారి షెడ్డులో ఏళ్ళ తరబడి దుప్పటి కింద నిద్రపోయిన బండి. కొనే ముందు అమ్మగారికి చూపించాలని ఒక పూట కోసం అడిగి తెచ్చుకున్నాడట. చూపించడం ఒక వంక, బండి మీద అప్పటికే మనసు పారేసుకున్నాడని మొహమే చెబుతోంది.

"వీరభద్రం, దీని గేరుబాక్సు ఎలా ఉందో చూడు నాయనా" అన్నారు ఆవిడ. కాకరపాదు తప్పిందని వీరభద్రం సంతోషించాడు.

ముందు కింద బోల్టు విప్పి కాస్త ఆయిలు అరచేతిలోకి పట్టి, వేలితో రాసి ఎండకు చూశాడు. సన్నని ఇత్తడి పొడి తళుక్కుమంది, లోపల ఏదో అరుగుతోందన్నమాట. పళ్ళు విరిగిన ముక్కలు మాత్రం లేవు. తర్వాత బండి నడిపి చూడాలన్నాడు. జోగారావు పక్కన కూర్చున్నాడు. సీట్ల వెనక సామాను పెట్టుకునే చోట సుభద్రాంబ గారు కాళ్ళు ముడుచుకుని సర్దుకున్నారు. డెబ్భై ఏళ్ళ ఆవిడ ఆ గాలికి చీర కొంగు పట్టుకుని చిన్నపిల్లలా నవ్వుతుంటే, రోడ్డు వారన వెళ్ళేవాళ్ళు ఆగి దండం పెట్టాలో వద్దో తేల్చుకోలేకపోయారు.

కొండ ఎక్కుతుంటే గేర్లు వెన్నలా పడ్డాయి. "చూశావా, ఎంత బాగుందో! ఇంకేం పరీక్ష?" అన్నాడు జోగారావు.

"ఎక్కేటప్పుడు అన్నీ బాగానే ఉంటాయండి. బరువు మీద ఉన్నప్పుడు పళ్ళు ఒకదాన్నొకటి గట్టిగా అదుముకుని ఉంటాయి, అరిగినదైనా కదలదు. దిగుతూ కాలు తీసేస్తేనే తెలుస్తుంది" అన్నాడు వీరభద్రం.

బండి తిప్పి, దిగుడులో రెండో గేరు వేసి, యాక్సిలేటరు మీద కాలు తీసి, గేరు రాడ్డు వదిలేశాడు. నిలబడింది. మూడో గేరు వేసి అలాగే వదిలాడు. రాడ్డు టక్కున దానంతట అదే న్యూట్రల్‌లోకి దూకింది.

"నీ మోకాలు తగిలింది!" అన్నాడు జోగారావు. మోకాలు దూరంగా పెట్టి మళ్ళీ వేశాడు. మళ్ళీ దూకింది. "షెడ్డులో పడుండేవాడికి ఇలాంటి బండి నడపడం ఎలా తెలుస్తుంది!" అని జోగారావు ఉక్రోషంతో అనేశాడు. వెనకటి వీరభద్రం అయితే బండి ఆపి కాలరు పట్టుకునేవాడు. అమ్మగారు వీపు వెనకే ఉన్నారన్న స్పృహతో పళ్ళు బిగించి, చిరునవ్వు నవ్వాడు. కోపాన్ని ఆపుకోగలిగానని లోపల పొంగిపోయాడు.

ఆశ్రమం దగ్గర బండి దిగాక అనునయంగా చెప్పాడు: "ఇది పారేసే గేరుబాక్సు కాదండి. తక్కిన గేర్లు బంగారం. ఏ గేరు జారుతోందో తెలియకుండా నడిపితేనే ప్రమాదం. తెలిసిందిగా, పెట్టె విప్పి అదొక్కటీ చూసుకుంటే సరి. అంతదాకా దిగేటప్పుడు రాడ్డు మీద చెయ్యి ఉంచండి." జోగారావు తన మాటకు సిగ్గుపడి అతని చేతులు పట్టుకున్నాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ వీరభద్రాన్నే పొగుడుతున్నారు. అతను హాయిగా బాసింపట్టు వేసుకుని, వేడన్నం కలపబోతూ గోంగూర పచ్చడి అడిగాడు. వంట చేసే గున్నమ్మ ఖాళీ జాడీ చూపించింది.

"అయిపోనాది బాబూ. జోగారావుబాబు బాగుందన్నారని అడుగూడ్చి ఏసేసినాను."

"బుద్ధుందా నీకు!" అని వీరభద్రం అరిచిన అరుపుకు పందిరి మీది పావురాలు లేచిపోయాయి. "పొద్దుటి నుంచీ చాకిరీ చేసింది నేనైతే, పచ్చడి ఆయనకా!" చేతిలో మంచినీళ్ళ గ్లాసు విసరడానికి సిద్ధంగా గాలిలో ఉంది.

సుభద్రాంబ గారు విస్తరిలోంచి తలెత్తకుండానే అడిగారు.

"ఏ గేరు, వీరభద్రం?"

అతను గాలిలో ఉన్న గ్లాసు వంక చూసుకున్నాడు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. ఆ సిగ్గులోంచే నవ్వు తన్నుకొచ్చింది. "మూడోదేనండి, కాలు తీసీ తీయగానే దూకేసింది" అన్నాడు. లేచి గున్నమ్మకు చేతులు జోడించాడు. ఆవిడకు ఏమీ అర్థం కాక కొంగుతో మూతి కప్పుకుని నవ్వేసింది.

కాసేపటికి అతని నవ్వు ఆగిపోయింది. "అయితే నేను ఇంటికి వెళ్ళకూడదన్నమాటేగా అమ్మగారూ?" అన్నాడు. ఆ గొంతు విని జోగారావు కూడా తినడం మానేశాడు.

ఆవిడ అటు తిరిగారు. "జోగారావూ, బండి కొంటున్నావా, మానేస్తున్నావా?"

"మానెయ్యడమేంటండీ! జారేది ఏదో తెలిశాక భయం దేనికి?"

సుభద్రాంబ గారు మజ్జిగ తాగి, విస్తరి మడిచారు.

"అయితే వీరభద్రాన్ని కాకినాడలో దింపి వెళ్ళు. నాయనా, గుమ్మం ఎక్కకముందే రాజేశ్వరికి చెప్పు, ఏ గేరు జారుతుందో."