పద్నాలుగు నిమిషాల దూరం

ప్రభంజన్‌కు వారం రోజులుగా కంటి మీద కునుకు లేదు. అంగారకుడి మీద బాటసారి నిలబడిపోయిందని కాదు, దాన్ని నడవనివ్వడం లేదని.

బాటసారి ఆరు చక్రాల బండి. ఎండతో నడుస్తుంది. అంగారకుడి దక్షిణార్ధంలో అది ఉన్నచోట చలికాలం దగ్గర పడింది. ఉత్తరం వైపు వాలి ఉన్న గుట్ట ఎక్కి, సోలార్ పలకలను సూర్యుడికి ఎదురుగా పెట్టుకుని నిలబడితే బతుకుతుంది. ఎక్కలేకపోతే బ్యాటరీ గడ్డకట్టి చస్తుంది. గుట్ట నలభై మీటర్ల దూరంలో ఉంది. పదకొండు రోజులు మిగిలాయి.

దస్తగిరి సార్ బండికి రోజుకు మూడు మీటర్లే ఇస్తున్నారు. మూడు పదకొండ్లు ముప్పై మూడు.

భూమి మీది నుంచి బాటసారిని నడిపించే ఆ కేంద్రంలో బండి నడపడం నేర్చినవాళ్లంతా దస్తగిరి సార్ దగ్గర నేర్చినవాళ్లే. అరవై మూడేళ్ల మనిషి. వయసులో ఉండగా ఎడారుల్లో ఇసుక దిబ్బలు ఎటు జరుగుతాయో కొలుస్తూ తిరిగారు. తొమ్మిదేళ్ల కిందట ఆయన నడిపిన మొదటి బండి అంగారకుడి మీద ఇసుకలో కూరుకుపోయింది. రెండు నెలలు లాగినా బయటికి రాలేదు. ఆయన ఆ సంగతి ఎత్తరు, ఆయన ముందు ఇంకెవరూ ఎత్తరు.

ప్రభంజన్ మంచి జీతం వదులుకుని మూడేళ్ల కిందట ఆయన దగ్గరికి వచ్చాడు. చాలా చదివాడు. చదివినదంతా నాలుక చివరే ఉండేది. తన బల్ల ఎదుట గోడకు ఒక కాగితం అంటించుకున్నాడు: ‘ఆగిన చక్రం చరిత్రకు శత్రువు.’ దాని కింద రోజ్లీన్ పెన్సిల్‌తో ‘దిగబడిన చక్రం కూడా’ అని రాసి వెళ్లింది. బాటసారికి భూమి మీద ఒక జంట బండి ఉంది. ఎదురుగా ఎర్రమట్టి పోసిన యార్డులో దాన్ని నడిపించి చూడటం రోజ్లీన్ పని.

ఆ రోజు పొద్దున సమావేశంలో ప్రభంజన్ తన లెక్క బల్ల మీద పెట్టాడు. ఒకే నడకలో ముప్పై మీటర్లు. మధ్యలో చిన్న గట్టు ఒకటి అడ్డం ఉంది, దాన్ని ఎక్కి దిగాలి. మర్నాడు మిగిలిన పది. రెండు రోజుల్లో గుట్ట మీద ఉంటాం, తొమ్మిది రోజులు చేతిలో మిగులుతాయి అన్నాడు.

గట్టు అవతల ఏముందని సార్ అడిగారు. గుట్ట ఉందని ప్రభంజన్ చెప్పాడు. గట్టుకీ గుట్టకీ మధ్య ఏముందని మళ్లీ అడిగారు. అది ఫోటోలో కనిపించదు, కానీ నేలే ఉంటుంది కదా అన్నాడు. అక్కడితో ఆగలేదు. భయానికి జాగ్రత్త అని పేరు పెట్టుకోవడం అధికారంలో ఉన్నవాళ్ల పాత అలవాటన్నాడు. ఇది ప్రజల బండి, దీన్ని చలిలో చంపే హక్కు ఎవరికీ లేదన్నాడు. రాబోయే తరాలు కూడా ఆ ప్రసంగంలోకి వచ్చాయి. రోజ్లీన్ గడియారం చూసుకుంటూ, రాబోయే తరాలు వచ్చేలోపు కాఫీ తెప్పించనా అని మెల్లగా అడిగింది. కొందరు నవ్వారు.

ఆ నవ్వుకు అతనికి ఒళ్లు మండింది.

“మీ పాత బండి ఇసుకలో మునిగిందని ఈ బండి చలికి చావాలా సార్?”

సార్ కళ్లద్దాలు తీసి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నారు.

“కమాండ్లు రాసినావా?”

“రాశాను సార్.”

“అవి ఉండనీ. నాకు కొన్ని రాసియ్యప్పా.”

అందరూ యార్డుకు వెళ్లారు. సార్ చెప్పినట్టు రోజ్లీన్ గేటు దగ్గర నిలబడి, బండి కళ్లంత ఎత్తు నుంచి ఒక ఫోటో తీసింది. ఎర్రమట్టి, రాళ్లు, సగం దూరంలో ఒక మట్టి గట్టు, దాని వెనక ఎడమ వైపు దూరంగా అవతలి గోడ ఫోటోలో కనిపిస్తున్నాయి. ఆ ఫోటో ప్రభంజన్ చేతిలో పెట్టి, తనను ఆ గోడ దాకా నడిపించమన్నారు సార్. తాను కళ్లకు గంతలు కట్టుకుంటానన్నారు.

ప్రభంజన్‌కు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇరవై అడుగులు నేరుగా. గట్టు ఎక్కి దిగి ఆరు అడుగులు. ఎడమకు తిరిగి పద్దెనిమిది అడుగులు. సార్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుని జేబులో పెట్టుకున్నారు. చేతిరుమాలు కళ్లకు కట్టుకున్నారు.

“ఇక్కడి మాట అంగారకుడికి చేరడానికి పద్నాలుగు నిమిషాలు కదా, నువ్వు అరిచినా అప్పటిదాకా నాకు చేరదు. చేరినప్పుడు రోజ్లీన్ ఈల వేస్తుంది. నిజానికి నాకేమైందో నీకు తెలియడానికి ఇంకో పద్నాలుగు పడుతుంది. అది మాఫీ.”

నడక మొదలైంది. సార్ పైకే లెక్కపెడుతున్నారు. అరిగిన చెప్పులు, ఎడమ మోకాలు కొంచెం ఈడ్చి వేసే అడుగు. పదిహేను, పదహారు. ప్రభంజన్ ఏదో తోచి గేటు పక్క గోడ వెంబడి నాలుగు అడుగులు పక్కకు జరిగి చూశాడు.

గట్టు వెనక గుంట ఉంది. చక్రాలను పరీక్షించడానికి పోయిన నెలలో తవ్వించి, పిండిలాంటి ఇసుకతో సగం నింపారు. యార్డులోకి అడుగుపెట్టిన ప్రతివాళ్లకూ తెలుసు. ప్రభంజన్ నెల రోజులుగా తెర ముందు నుంచి లేవలేదు.

“సార్, ఆగండి!”

సార్ గట్టు ఎక్కారు.

అతను మళ్లీ అరిచాడు. సార్ గట్టు అవతలికి దిగారు. మూడో అడుగు గాల్లో పడింది. మనిషి పక్కకు ఒరిగి, మోకాళ్ల పైదాకా ఇసుకలో పడ్డారు. ఎడమ కాలు కింద మడత పడింది. నోట్లోంచి చిన్న మూలుగు వచ్చింది.

ప్రభంజన్ పరిగెత్తబోయాడు. రోజ్లీన్ అతని చెయ్యి పట్టుకుంది. ఆమె ముఖంలో ఎగతాళి లేదు.

“అక్కడికి ఎవరూ వెళ్లలేరు ప్రభంజన్.”

గుంటలో సార్ మెల్లగా లేచి నిలబడ్డారు. నాలుగు, ఐదు, ఆరు అని ఉన్నచోటే అడుగులు పూర్తి చేశారు. తర్వాత ఎడమకు తిరిగారు. కాగితంలో అలాగే ఉంది. ఒకటి. కాలు లాగి వేశారు. ఇసుక జారి తొడల దాకా వచ్చింది. రెండు. మూడు. వేసిన ప్రతి అడుగూ ఆయనను ఇంకాస్త కిందికి దించుతోంది. ఒరిగితే ఆగు అని ఆ కాగితంలో ఎక్కడా లేదు. అది రాసినవాడు గోడ పక్కన నిలబడి తాను రాయని మాట కోసం నోరు తెరుస్తూ, మూస్తూ ఉన్నాడు.

పద్దెనిమిది అయ్యేసరికి సార్ నడుము దాకా ఇసుకలో ఉన్నారు. లెక్క ఆపేశారు. కమాండ్లు అయిపోయాయి. రెండు చేతులూ ఇసుక మీద ఆనించి, ముఖం ఎండకు ఎదురుగా పెట్టి అలాగే ఉండిపోయారు.

ప్రభంజన్ గడియారం చూశాడు. అరిచి నాలుగు నిమిషాలైంది.

ఐదో నిమిషంలో రుమాలు కింద నుంచి చెమట కారడం కనిపించింది. ఏడో నిమిషంలో సార్ పెదవి కొరుక్కున్నారు. మోకాలు నొప్పి పెడుతోందా, విరిగిందా, ఇక్కడి నుంచి తెలియడం లేదు. ఇప్పుడు ఇంకో మాట అరిస్తే అది ఇంకా ఆలస్యంగా చేరుతుంది. ప్రభంజన్ వెనక్కి అడుగేశాడు. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పదో నిమిషం తర్వాత గడియారం వైపు చూడటం కూడా అతని వల్ల కాలేదు.

ఈల మోగింది.

సార్ తల ఎత్తారు.

“ఇప్పుడు వినపడిందప్పా. ఆగమంటున్నావు.”

నలుగురు పట్టి బయటికి లాగారు. మోకాలు వాచింది కానీ విరగలేదు. ప్రభంజన్ ఆయన కాళ్ల మీది ఇసుక దులుపుతూ ఏదో చెప్పబోతే, ముందు నీళ్లియ్యి అన్నారు.

మధ్యాహ్నం కమాండ్లు పంపే వేళకు ప్రభంజన్ కొత్త కాగితం తెచ్చాడు. మూడు మీటర్లు. ఒరిగితే ఆగు. చక్రం జారితే ఆగు. ఆగాక ఫోటో తియ్యి. సార్ కుర్చీలో కాలు చాపుకుని, మోకాలికి ఐసు కట్టుకుని కూర్చున్నారు. కాగితం చదివారు. బండి పంపిన ఫోటో దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశారు. తర్వాత మూడు కొట్టేసి తొమ్మిది వేశారు.

“మూడు చాలనుకున్నాను సార్.”

“మూడు నా పాత బండి లెక్క. పొద్దున నువ్వన్నది నాకు తగిలింది, ఎందుకంటే నిజం కాబట్టి. గట్టు పైదాకా నేల కనిపిస్తానే ఉంది కదప్పా. బండిని పోనీ.”

కమాండ్లు వెళ్లాయి. ఆ సాయంత్రం ఎవరూ ఇంటికి తొందరపడలేదు. బండి కదిలిందా, ఎక్కడైనా కూరుకుపోయిందా, నడక ముగిశాక అది పంపే ఫోటో తెల్లారి వస్తే గానీ తెలియదు.

పొద్దున ఫోటో వచ్చింది. బాటసారి గట్టు మీద నిలబడి ఉంది. అవతల ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సన్నటి ఇసుక, అలలు అలలుగా. గట్టు దిగే ఏ చక్రమైనా నేరుగా అందులోకే పోతుంది.

గుట్టకు చుట్టుదారి ఉంది, కానీ అది పొడుగు. చేతిలో పది రోజులే ఉన్నాయి. చివరికి బాటసారి గుట్ట ఎక్కేసరికి వాటిలో ఒక్కటి మిగిలింది. కానీ ఆ పొద్దున ఆ గదిలో ఎవరికీ అది తెలియదు. అందరి కళ్లూ ప్రభంజన్ మీదే ఉన్నాయి.

“ఏమప్పా, ఈ రోజు ఎంత?” అన్నారు దస్తగిరి సార్.

ప్రభంజన్ కుర్చీ లాక్కుని ఫోటో ముందు కూర్చున్నాడు.

“చూడనీయండి సార్.”